నోటీసు బోర్డు తాళంచెవి ఎవరి దగ్గరుంది?

మేం కోరుట్లలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ వరండాలో ఒక నోటీసు బోర్డు ఉండేది. ఆకుపచ్చ గుడ్డ అంటించిన చెక్క, ముందు అద్దాల తలుపులు, వాటికో బుల్లి తాళం. ఆ తాళంచెవి మా అటెండరు తాత మొలతాడుకి వేలాడుతుండేది. పరీక్ష ఫీజు తేదీ వచ్చినా, హాల్ టికెట్లు వచ్చినా ఆయన రావాల్సిందే, తాళం తియ్యాల్సిందే. మేమంతా చుట్టూ మూగి తొందరపెడుతుంటే ఆయన మాత్రం తాపీగా, గడువు దాటిన కాగితాలన్నీ ముందు ఊడబీకి చంకలో పెట్టుకునేవాడు. ఆ తర్వాతే కొత్తది గుచ్చేవాడు. "పాతది తియ్యకుంటె కొత్తది ఎవలు సూస్తరు బిడ్డా!" అనేవాడు.

అప్పుడు నవ్వుకున్నాం. ఆ మాట విలువ నాకు మా అక్క కూతురి చదువు దగ్గర తెలిసొచ్చింది.

తేదీ ఉంది, ఏడాది లేదు

మా అక్కది సిరిసిల్ల. బావ సాంచాల మీద పని చేస్తాడు, అక్క బీడీలు చుడుతుంది. ఇంటర్ పూర్తి కాకుండానే అక్కకి పెళ్లి చేశారు. అందుకే బిడ్డనైనా పెద్ద చదువు చదివించాలని ఆమె పట్టుదల. 2024లో పిల్ల మంచి మార్కులతో ఇంటర్ పాసయింది. ఒక విశ్వవిద్యాలయంలో తనకు నచ్చిన కోర్సుకి సీట్లు మిగిలాయని, స్పాట్ అడ్మిషన్లు పెడతారని ఎవరో చెప్పారు. పేరెందుకు లెండి, ఇలాంటివి ఏ ఒక్కచోటో జరిగేవి కావు. పిల్ల ఫోన్‌లో వాళ్ల వెబ్‌సైట్ తెరిచి చూసింది. ఆ నెల 18న ఉదయం 10 గంటలకు ఒరిజినల్ సర్టిఫికెట్లతో హాజరు కావాలని ఉంది. నెల అదే, కోర్సు అదే. ఇంకేం కావాలి?

2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆడవాళ్లకి టికెట్ లేదు కాబట్టి ఛార్జీల బాధ తప్పింది. కానీ ఇద్దరి రోజు పని? తెల్లవారుజామునే లేచి, సద్ది కట్టుకుని, సర్టిఫికెట్ల సంచి ఒళ్లో పెట్టుకుని హైదరాబాద్ వెళ్లారు. కౌంటర్‌లో ఆయన పిల్ల ఫోన్ చేతిలోకి తీసుకుని చూసి, "ఇది పోయిన సంవత్సరంది కదమ్మా. ఈసారి 11నే అయిపోయింది" అన్నాడట.

ఆ రోజు సాయంత్రం అక్క బస్సులోంచే ఫోన్ చేసింది. "తప్పు ఎవలదే చెల్లె? సదువచ్చిన పిల్లనే కదా సూసింది. అండ్ల ఉన్నదే కదా సూసింది" అంది. నాకు నోట మాట రాలేదు.

ఆ ఏడాది పోయింది. మగపిల్లాడికైతే ఏడాది పోయిందంటే ఏడాదే. ఆడపిల్ల ఇంట్లో ఖాళీగా కనిపిస్తే ఊరుకుంటారా? "ఇంకేం సదువు, మంచి సంబంధం ఉన్నది" అంటూ మొదలుపెట్టారు. పిల్ల అమ్మ పక్కనే చాట ముందేసుకుని బీడీలు చుట్టడం నేర్చుకుంది. అక్క గట్టిగా నిలబడింది కాబట్టి 2025లో దోస్త్ ద్వారా డిగ్రీలో చేరింది. కానీ అందరు అమ్మలూ అలా నిలబడగలరా? అందరు పిల్లలకూ మరుసటి ఏడాది అంటూ ఉంటుందా?

స్నేహితురాలి నెత్తిన పడ్డ పని

కొన్ని నెలల కిందట డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలు జగిత్యాలలో మా ఇంటికొచ్చింది. ఇప్పుడు లెక్చరరు. విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో వాళ్ల కాలేజీకి సంబంధించిన పేజీలన్నీ సరిచేసే పని ఆమెకి అప్పజెప్పారట. పాఠాలు చెప్పుకోవాలా, ఇది చూసుకోవాలా అని తల పట్టుకుంది. "నువ్వు కథలు రాస్తవ్ గదనే, నాతో కూసో" అంది. కథకీ దీనికీ ఏం సంబంధం అనబోయి, అక్క గుర్తొచ్చి ఊరుకున్నాను. పొయ్యి మీద చాయ్ పెట్టి, ఒక నోట్‌బుక్ తెచ్చుకుని ఇద్దరం కూర్చున్నాం.

మన ప్రాంతం సంగతి ఒకసారి చూడండి. జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ కళాశాల, కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007లో పెట్టిన జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ. కోరుట్లలో పశువైద్య కళాశాల. సిరిసిల్లలో వ్యవసాయ కళాశాలతోపాటు 2021లో మరో జేఎన్‌టీయూ కాలేజీ. ఇవన్నీ కొమ్మలు. వీటి విశ్వవిద్యాలయాల కార్యాలయాలేమో హైదరాబాద్‌లో కూకట్‌పల్లిలోనో, రాజేంద్రనగర్‌లోనో ఉన్నాయి. ఇక మామూలు డిగ్రీ కాలేజీలు కరీంనగర్‌లోని శాతవాహన విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి. అంటే చిన్న సంగతి తెలుసుకోవాలన్నా మన పిల్లలకి ప్రయాణమే. ఆ ప్రయాణాన్ని తప్పించాల్సింది వెబ్‌సైట్. అదే తప్పు చెప్తే?

ముందు ప్రశ్నలు, తర్వాత పేజీలు

మా స్నేహితురాలు అప్పటికే ఒక జాబితా రాసుకొచ్చింది. కాలేజీ చరిత్ర, ప్రిన్సిపాల్ సందేశం, ఆశయాలు, శాఖలవారీగా ఘనతలు, ఉత్సవాల ఫొటోలు. చదివి నవ్వొచ్చింది. 2010లో ర్యాండల్ మన్రో అనే అమెరికా కార్టూనిస్టు సరిగ్గా దీని మీదే ఒక బొమ్మ వేశాడు. రెండు వృత్తాలు. ఒకదాంట్లో విశ్వవిద్యాలయాలు తమ వెబ్‌సైట్ మొదటి పేజీలో పెట్టేవి: ఫొటోలు, పత్రికా ప్రకటనలు, అధ్యక్షుల వారి లేఖ. రెండోదాంట్లో జనం వెతుక్కునేవి: ఫోన్ నంబర్లు, దరఖాస్తు ఫారాలు, చిరునామా, విద్యా క్యాలెండర్. రెండు వృత్తాలూ కలిసేచోట ఉన్నది ఒక్కటే, విశ్వవిద్యాలయం పూర్తి పేరు! అమెరికాలోనూ మన కథేనన్నమాట.

ఇంకో సంగతి చెప్పనా? టిమ్ బెర్నర్స్ లీ ఈ వెబ్‌కి 1989లో ఆలోచన చేసింది స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన సంస్థలో. తొలి రోజుల్లో అక్కడి వాళ్లు దాన్ని ఎక్కువగా దేనికి వాడుకున్నారో తెలుసా? సంస్థ టెలిఫోన్ డైరెక్టరీ చూసుకోవడానికి! ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పడం వెబ్ పుట్టిననాటి పని. మనం ఇవాళ్టికీ వెతుక్కునేది ఆ నంబరే.

"నీ జాబితా పక్కన పెట్టు. వచ్చేవాళ్లు ఏమడుగుతారో రాద్దాం" అన్నాను. తెలిసిన వాళ్లకి ఫోన్లు చేశాం. జగిత్యాలలో మా పక్కింటి వదిన అడిగింది: "హాస్టల్ ఫీజు నెలకా, ఏడాదికా? మెస్ బిల్లు అండ్లనేనా, వేరేనా?" సిరిసిల్ల నుంచి అక్క: "ఫోన్ చేస్తె ఎత్తే నంబరు ఒక్కటియ్యుండ్రి సాలు."

కోరుట్లలో మా చిన్ననాటి ఇంటి ఎదురింటావిడది వేరే గోడు. ఆమె భర్త దుబాయ్‌లో ఉంటాడు. అక్కడ ఉద్యోగానికి డిగ్రీ పట్టా కావాలి, ఉన్నది పాడైపోయింది. ఎవరో చెప్తే ఈమె నకలు కోసం కరీంనగర్ వెళ్లింది. కానీ ఆయన చదివిన రోజుల్లో మన కాలేజీలు వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయం కింద ఉండేవి. శాతవాహన వచ్చింది 2008లో. పట్టా ఎవరిచ్చారో నకలూ వాళ్లే ఇవ్వాలి. చదివిన ఏడాదిని బట్టి ఎక్కడికి వెళ్లాలో, ఏ కాగితాలు పట్టుకెళ్లాలో, ఎన్నాళ్లు పడుతుందో ఒకచోట రాసి ఉంటే ఆమెకి ఒక రోజు, దుబాయ్‌లో ఆయనకి ఒక బెంగ తగ్గేవి.

అలా సాయంత్రానికి నలభై దాకా ప్రశ్నలొచ్చాయి. వాటిలో ఒక్కదానికీ స్నేహితురాలి పాత జాబితాలో జవాబు లేదు.

పోపుల డబ్బా చెప్పే పాఠం

ప్రశ్నలు దొరికాక వాటిని సర్దాలి. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, మన పోపుల డబ్బా చాలు. ఆవాలు ఒక గిన్నెలో, జీలకర్ర ఒక గిన్నెలో. కళ్లు మూసుకున్నా చెయ్యి సరైన దాని మీదికే పోతుంది. ఆవాలు మూడు డబ్బాల్లో కొంచెం కొంచెం ఉంటే ఏది కొత్తదో ఏది పురుగు పట్టిందో మనకే తెలియదు.

వాళ్ల వెబ్‌సైట్‌లో ఫీజు మూడుచోట్ల ఉంది. ప్రాస్పెక్టస్‌లో ఒక అంకె, శాఖ పేజీలో ఒక అంకె, వార్తల్లో ఇంకో అంకె. మూడూ వేరు. ఫీజు పెరిగినప్పుడల్లా ఒకచోట మార్చి రెండుచోట్ల మర్చిపోయారన్నమాట. అందుకే మొదటి నియమం: ఒక సంగతి ఒక్కచోటే ఉండాలి. మిగతా పేజీలన్నీ "ఫీజు వివరాలు ఇక్కడ" అని అటు దారి చూపాలి.

రెండోది క్యాలెండర్. పండగకి నెల ముందే పిండివంటల లెక్క వేసుకోమూ? అలాగే వేసవిలో ప్రవేశాలు, సెమిస్టర్ చివర పరీక్ష ఫీజు, తర్వాత ఫలితాలు, రీవాల్యుయేషన్. ఏ నెలలో జనం ఏమడుగుతారో ముందే తెలుసు. పన్నెండు నెలల పట్టీ గీసి, ఒక్కోదానికీ సమాచారం ఎవరివ్వాలి, ఎప్పటిలోగా ఇవ్వాలి, ఎవరు సరిచూడాలి అని రాసుకున్నాం. అడగడం మొదలయ్యే రోజుకి జవాబు సిద్ధంగా ఉండాలి, ఆ తర్వాత వెతుక్కోవడం కాదు.

తాళంచెవి సంగతి

ఇదంతా బాగానే ఉంది, పేజీలు మార్చేదెవరు? "పాస్‌వర్డ్ ఉన్న పిల్లగాడు కాంట్రాక్టు అయిపోయి వేరే ఉద్యోగానికి పోయిండు" అంది స్నేహితురాలు. చూశారా! అద్దాల తలుపులకి తాళం ఉంది, తాళంచెవి ఎవరి మొలతాడుకీ లేదు. అందుకే గడువు దాటిన కాగితాలు అలాగే వేలాడుతున్నాయి.

దీనికి కొత్తగా మందు కనిపెట్టక్కర్లేదు. ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో కేంద్రం 2009లోనే మార్గదర్శకాలు తెచ్చింది. 2023లో వాటి మూడో కూర్పు వచ్చింది. సమాచారం ఎవరివ్వాలి, ఎవరు ఆమోదించాలి, ఎన్నాళ్లకోసారి సరిచూడాలి, గడువు తీరినవి ఎటు తరలించాలి అన్నదానికి ప్రతి వెబ్‌సైట్‌కీ ముందే రాసుకున్న పద్ధతి ఉండాలన్నది వాటి సారాంశం. మా అటెండరు తాత ఇవేవీ చదవలేదు, అయినా పాటించాడు.

మేం ఇలా రాసుకున్నాం. ప్రతి పేజీకీ ఒక యజమాని. మనిషి పేరు కాదు, హోదా. ఎందుకంటే మనుషులు బదిలీ అవుతారు, కుర్చీ ఉంటుంది. పాస్‌వర్డ్ కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. ప్రతి పేజీ కింద ఎప్పుడు మార్చారో, మళ్లీ ఎప్పుడు చూస్తారో ఏడాదితో సహా వెయ్యాలి. మూడు నెలలకోసారి అక్కడున్న ఫోన్ నంబర్లన్నిటికీ స్వయంగా చేసి చూడాలి. ఎత్తని నంబరు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. పాతదంటే పారేసేదని కాదు. ఎప్పుడో చదివినావిడ ఇప్పుడు పిల్లల దగ్గరికి విదేశాలు వెళ్లి అక్కడ చదువు కొనసాగించాలంటే తన కాలం నాటి సిలబస్ కావాలి. కాబట్టి గడువు తీరిన వాటిని "పాత ప్రకటనలు" అని వేరే అరలో, ఏడాదివారీగా దాచాలి. తాత కూడా ఆ కాగితాలు చింపేసేవాడు కాదు, ఆఫీసులో ఫైలుకి గుచ్చేవాడు.

కథలు రాసే చెయ్యి ఎక్కడ పనికొచ్చిందంటే

వాళ్ల పరీక్ష ఫీజు ప్రకటన ఇలా ఉంది: "రెగ్యులర్ మరియు బ్యాక్‌లాగ్ పరీక్షలకు హాజరు కాగోరు అభ్యర్థులు అపరాధ రుసుము లేకుండా నిర్దేశిత గడువులోగా పరీక్ష రుసుమును చెల్లించవలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది." ఊపిరి బిగబట్టి చదివినా ఎంత కట్టాలో, ఎప్పుడు కట్టాలో లేదు! అవి చూడాలంటే ఇంకో కాగితం తెరవాలి.

దాన్ని విడగొట్టాం. ఎవరు కట్టాలి? ఎంత? ఏ తేదీలోగా? ఆలస్యమైతే ఎంత అదనం? ఎక్కడ కట్టాలి? కట్టాక ఏ రసీదు దాచుకోవాలి? ఆరు ప్రశ్నలు, ఆరు చిన్న జవాబులు. "అపరాధ రుసుము" తీసేసి "ఆలస్యపు ఫీజు" అని రాశాం. ఆలస్యం చేసిన పిల్ల నేరమేమీ చెయ్యలేదు కదండీ!

ఇంకో చిక్కు కూడా ఉంది. మన దగ్గర చాలా ప్రకటనలు డీటీపీ సెంటర్లో టైపు చేయించి, సంతకం పెట్టి, మళ్లీ ఫొటో తీసి వెబ్‌సైట్‌లో పెడతారు. అప్పుడది అక్షరాలు కాదు, బొమ్మ. అందులో మాటలు వెతికితే దొరకవు. చిన్న ఫోన్‌లో అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి. చూపు లేని విద్యార్థులకి తెరమీది మాటల్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లున్నాయి, చాలాసార్లు అవి ఈ బొమ్మల ముందు మూగబోతాయి. తెలుగు అక్షరాలు 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే చేరాయి. ఆ పద్ధతిలో టైపు చేస్తే ఏ ఫోన్‌లోనైనా కనిపిస్తాయి, వెతికితే దొరుకుతాయి. సంతకం కాగితం కావాలంటే కింద జోడించవచ్చు. కానీ ముఖ్యమైన నాలుగు ముక్కలు తెలుగులో, ఇంగ్లిష్‌లో టైపు చేసి పైన ఉండాలి.

అడగడం మన హక్కు

ఇదంతా దయతో చేసే పని కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టంలో నాలుగో సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థలు తమ వివరాలు ఎవరూ అడక్కుండానే బయటపెట్టాలి, ఎప్పటికప్పుడు మార్చాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకీ ఇది వర్తిస్తుంది. వెబ్‌సైట్‌లో లేని సంగతిని పౌర సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఫీజులు, ప్రవేశాలు, ఫిర్యాదుల కమిటీ లాంటి వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టాలని యూజీసీ కూడా 2024లో విద్యాసంస్థలకి చెప్పింది.

అమ్మలు తప్పకుండా చూడాల్సింది ఇంకొకటుంది. లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు తీసుకునే అంతర్గత కమిటీ ప్రతి కాలేజీలో ఉండాలని యూజీసీ 2015 నిబంధనలు చెబుతున్నాయి. అందులో ఎవరున్నారు, ఎలా కలవాలి అన్నది పిల్లకి తెలిసేలా ఉండాలి. ర్యాగింగ్ జరిగితే దేశం మొత్తానికీ ఉన్న ఉచిత నంబరు 1800-180-5522. ఇది పిల్లల ఫోన్‌లోనూ మీ ఫోన్‌లోనూ ఉంచుకోండి.

ప్రయాణానికి ముందు నాలుగు పనులు

వెబ్‌సైట్లు బాగుపడేదాకా మన జాగ్రత్తలో మనముండాలి. ఒకటి, తేదీ చూస్తే సరిపోదు, ఏడాది చూడండి. కనిపించకపోతే ఆ ప్రకటనని నమ్మొద్దు. రెండు, విశ్వవిద్యాలయం సొంత చిరునామాయేనా చూడండి. సాధారణంగా చివర 'డాట్ ఏసీ డాట్ ఇన్' అనో, 'డాట్ ఈడీయూ డాట్ ఇన్' అనో ఉంటుంది. పేరు కొత్తగా అనిపిస్తే యూజీసీ ప్రకటించే నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో ఉందేమో వెతకండి. మూడు, బస్సెక్కేముందు ఒక ఫోన్ చెయ్యండి, ఎవరు చెప్పారో రాసుకోండి. నాలుగు, మీరు చూసిన పేజీని ఫొటోగా దాచుకోండి. తర్వాత మార్చేసినా మీ దగ్గర ఆధారం ఉంటుంది.

పరీక్ష పెట్టింది ఎవరంటే

మొదటి ఆరు పేజీలు తయారయ్యాక, అందరికీ చూపించే ముందు బయటివాళ్లతో చదివించి చూద్దామనుకున్నాం. ఆ ఆదివారం అక్క, పిల్ల జగిత్యాల వచ్చారు. పిల్ల చేతికి ఫోన్ ఇచ్చి, "పరీక్ష ఫీజు ఎప్పుడు కట్టాలో ఒక్క నిమిషంలో చెప్పాలి బిడ్డా" అన్నాను. స్నేహితురాలు గడియారం చూస్తోంది. నేను గర్వంగా చాయ్ తాగుతున్నాను.

అరనిమిషంలోనే పిల్ల తలెత్తింది. "దొరికింది చిన్నమ్మా. కానీ 25 తారీఖు అని ఉన్నది. ఏ నెలనో, ఏ సంవత్సరమో రాయలేదు" అంది.

ఇన్ని నీతులు చెప్పిన నేనే మర్చిపోయాను! నా మొహం చూసి అక్క ఒకటే నవ్వు. స్నేహితురాలు నోట్‌బుక్ తీసి, ఏ పేజీ అయినా బయటికి వెళ్లేముందు ఒక విద్యార్థినో, ఒక తల్లో చదవాలని ఇంకో నియమం రాసుకుంది. పిల్ల నా పక్కన కూర్చుని నెల, ఏడాది టైపు చేయించింది.